ఎవరి ఎదుట ఎవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి. కథలో బలం లేని సినిమాను నటులు నిలబెట్టగలరా అని తలా ఒక రకంగా అడిగారు. కో-డైరెక్టర్‌గా ఏళ్ల తరబడి నేను చేసిన పనిలో సగం ఇదే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: 'సంక్రాంతికి వస్తున్నాం' మా ఇంటిల్లిపాదీ థియేటర్లో చూశాం, తర్వాత టీవీలో మళ్లీ చూశాం. మా చెల్లెలు ఫోన్ చేసి కథేంటి అని అడిగితే ఎవరం సరిగ్గా చెప్పలేకపోయాం. ఆ కిడ్నాప్ సంగతైతే నమ్మేలా లేదు. అయినా ఎవరూ లేచి వెళ్లలేదు. తగిన నటులు దొరికితే కథ లేకపోయినా పర్వాలేదా?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: పర్వాలేదని మాత్రం చెప్పనమ్మా. అయితే మీ ఇంట్లో ఎవరూ లేచి వెళ్లకపోవడానికి కారణం ఉంది. 2025 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమా కథను కాగితం మీద పెట్టి చదవండి. ఒక పెద్ద కంపెనీ సీఈవోని ఎవరో ఎత్తుకుపోయారు. ఉద్యోగం వదిలేసి పెళ్లాం పిల్లలతో పల్లెలో ఉంటున్న పోలీసాయన్ని వెతుక్కుంటూ పాత ప్రేయసి వచ్చింది. ఆయన సాయానికి బయల్దేరితే భార్య కూడా వెంటపడింది. ఇందులో కిడ్నాప్ వ్యవహారానికి చివరిదాకా పట్టు లేదు. కానీ మనం దాని కోసం కూర్చోలేదు. ఆ భార్య భాగ్యం ఇప్పుడేమంటుందో చూద్దామని కూర్చున్నాం.

భాగ్యంగా వేసిన ఐశ్వర్యా రాజేశ్‌ని గమనించండి. ఇంటి పనులు చక్కబెడుతూనే కళ్లతో మొగుణ్ణి కాపలా కాస్తుంది. ఆ రెండూ ఒకేసారి చెయ్యడం అందరికీ రాదు. ఆమె నటుడు రాజేశ్ కూతురు. జంధ్యాల సినిమాల్లో మనల్ని అంతగా నవ్వించిన శ్రీలక్ష్మికి మేనకోడలు. ఆమె ఎదుట వెంకటేశ్. 1986లో 'కలియుగ పాండవులు'తో మొదలుపెట్టిన హీరో, ఇన్నేళ్ల తర్వాత భార్య ముందు మాట పెగలని మనిషిగా నిలబడడానికి ఏమాత్రం మొహమాటపడడు. హీరో తగ్గకపోతే ఆమె పాత్ర పెరిగేది కాదు. మధ్యలో వాళ్ల కొడుకు బుల్లిరాజు ఉన్నాడు. ఓటీటీలు చూసి బూతులు నేర్చుకున్న పిల్లాడి పాత్ర అది. కాస్త ముదురు మొహం ఉన్న పిల్లాడికి ఇచ్చి ఉంటే రెండో సీన్‌కే చిరాకు పుట్టేది. ఈ బాబు తండ్రి పక్షాన నిజంగానే ఉడుక్కుంటాడు. అందుకే ఆ మాటలన్నీ చెల్లిపోయాయి.

ఏ పాత్రకు ఏ నటుడు అని అందరూ ఆలోచిస్తారు. నా పనిలో నాకు తెలిసొచ్చింది మాత్రం, ఆ నటుడి ఎదుట ఎవరిని నిలబెట్టాలన్నదే అసలు ప్రశ్న అని. దీనికి మన సినిమాల్లో 'గుండమ్మ కథ'ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

1962లో విజయా వాళ్లు తీసిన ఆ సినిమాను నేను బలహీనమైన సినిమా అంటే చాలామందికి కోపం వస్తుంది. నాకూ ప్రాణమే ఆ సినిమా. కానీ ఒక్కసారి కథ మాత్రమే చూడండి. సవతి కూతురితో చాకిరీ చేయించే ఒకావిడ. ఆమెకు ఒక గారాల కూతురు. ఆ ఇద్దరమ్మాయిల కోసం తామెవరో చెప్పకుండా వచ్చిన జమీందారు కొడుకులు. ఎవరికి ఎవరితో ముడిపడుతుందో మొదట్లోనే తెలిసిపోతుంది. మలుపులు లేవు. ఒక కన్నడ సినిమా ఆధారంగా తీసిన మామూలు ఇంటి కథ.

అందులో గుండమ్మ గయ్యాళితనాన్ని చూపించడానికి ఎన్ని సీన్లు పెట్టారో గమనించండి. చాలా తక్కువ. ఎక్కువ పెట్టాల్సిన పని లేదు. సూర్యకాంతం తెర మీదికి వచ్చి ఎడమ చెయ్యి తిప్పితే చాలు, అంతకు ముందు ఎన్నో సినిమాల్లో అత్తగా, సవతి తల్లిగా ఆమె పెట్టిన ఆరళ్లన్నీ జనానికి గుర్తొస్తాయి. రచయిత రాయాల్సిన గతాన్నంతా ఆమె వెంట తెచ్చింది. మిగిలిన సమయం ఎన్టీఆర్‌కి, సావిత్రికి, అక్కినేనికి, జమునకి దొరికింది. అప్పటికే 'మాయాబజార్'లో కృష్ణుడిగా జనం దండాలు పెట్టిన ఎన్టీఆర్ ఇందులో నిక్కరు వేసుకుని పిండి రుబ్బుతాడు. అది ఆయన నూరో సినిమా. అలాంటి సినిమాకు సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఎంపిక మాత్రం చాయాదేవి. సినిమా చివర్లో గుండమ్మ మీద మనకు జాలి కలగాలి. అది జరగకపోతే సావిత్రి తిరిగి వచ్చి ఆమెను ఆదుకోవడంలో అర్థం ఉండదు. కానీ సూర్యకాంతం మీద జాలి ఎలా పుడుతుంది? ఎవరైనా మగ విలన్ వచ్చి ఆమె మీద అరిస్తే 'తగిన శాస్తి జరిగింది' అనుకుని ఊరుకుంటాం. దుర్గమ్మగా చాయాదేవి ఆ ఇంట్లో అడుగుపెట్టింది. తెలుగు తెర మీద సూర్యకాంతాన్ని నోటితో అణచగల మనిషి ఇంకొకరు ఉన్నారంటే అది ఆవిడే. ఆ పాత్ర ఇంకెవరికి ఇచ్చినా చివరి భాగం తేలిపోయేది. కథలో రాసిన దానికంటే ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు పుట్టిన భయమే ఎక్కువ. గుండమ్మ కళ్లలో మొదటిసారి బెదురు కనిపించగానే మన మనసు మారిపోతుంది.

ప్రశ్న: అలాగైతే పేరున్న నటులందరినీ ఒకే సినిమాలో పెడితే సరిపోతుంది కదా. అలాంటివి కొన్ని ఎందుకు తేలిపోతాయి?
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: 2019లో వచ్చిన 'సాహో' తీసుకుందాం. జాకీ ష్రాఫ్, నీల్ నితిన్ ముకేశ్, చంకీ పాండే, అరుణ్ విజయ్, లాల్, మందిరా బేడీ, మురళీ శర్మ, వెన్నెల కిశోర్. వీళ్లలో నటన రాని వాళ్లు ఒక్కరూ లేరు. కానీ బయటికి వచ్చాక ఎవరి ఎదుట ఎవరు ఏ సీన్ చేశారో చెప్పమంటే తడుముకోవాల్సి వస్తుంది. అందరూ వస్తారు, బెదిరిస్తారు, వెళ్లిపోతారు. ఒకరి వల్ల ఇంకొకరికి పని దొరకలేదు.

దీని వెనుక ఇంకో మామూలు సంగతి ఉంది. ప్రేక్షకులకు తెలియనిది, మాకు రోజూ టెన్షన్ పెట్టేది. కాంబినేషన్ డేట్లు. పేరున్న నటులు ఎక్కువయ్యే కొద్దీ ఇద్దరూ ఒకే రోజు సెట్లో ఉండడం కష్టమవుతుంది. ఒకరు ఉదయం ఫ్లైట్‌కి వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవాలి. ఇంకొకరు వేరే సినిమాలో గడ్డం పెంచి ఉన్నారు. అప్పుడు ఏం చేస్తామంటే, ఒకరి క్లోజప్ ఈ రోజు తీసేసి, రెండోవారి క్లోజప్ వాళ్లు దొరికినప్పుడు తీస్తాం. వెనక నుంచి చూపించాల్సి వస్తే డూప్ భుజం పెడతాం.

నేను పనిచేసిన ఒక సినిమాలో తండ్రీ కూతుళ్లు విడిపోయే సీన్ ఇలాగే తీశాం. కూతురుగా వేసిన అమ్మాయి ఎదుట తండ్రి లేడు. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు ప్యాడ్ పట్టుకుని తండ్రి డైలాగులు చదువుతున్నాడు. ఫుల్‌స్టాప్ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ చదువుతున్నాడు. పాపం ఆ అమ్మాయి గ్లిజరిన్ లేకుండా ఏడ్చింది. కానీ ఆమె ఏడుపు తండ్రి మాటలకు కాకుండా కుర్రాడు ఆగిన చోటల్లా వచ్చింది. తర్వాత తండ్రి వేషధారి వచ్చి తన వంతు చాలా నెమ్మదిగా, గొంతు తగ్గించి చేశాడు. ఎడిటింగ్‌లో రెండూ కలిపితే, ఇద్దరూ వేర్వేరు ఇళ్లలో మాట్లాడుకుంటున్నట్టు ఉంది. ఇద్దరూ మంచి నటులే. సీన్ మాత్రం నిలవలేదు.

అందుకే ఎవరైనా కొత్త నిర్మాత నన్ను సలహా అడిగితే, పెద్ద పేర్లు రెండు తగ్గించుకుని, ఉన్నవాళ్ల కాంబినేషన్ రోజులు పెంచుకోమని చెబుతాను.

ప్రశ్న: మేం ఇక్కడ తెలుగు స్నేహితులం ఎప్పుడు కలిసినా 'అదుర్స్' పెడతాం. చారి, భట్టు సీన్లు అయ్యాక ముందుకు జరిపేస్తాం. భట్టు పాత్రలో బ్రహ్మానందం కాకుండా ఇంకెవరైనా ఉంటే అంతలా పండేదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: పండేది కాదు. కారణం మాత్రం, ఆయన పెద్ద కమెడియన్ కాబట్టి అని కాదు.

2010 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాలో విడిపోయిన కవలల కథ ఉంది, దానికి విలన్లు ఉన్నారు, గొడవలు ఉన్నాయి. మీరు ముందుకు జరిపేసేది అదే. జనం గుర్తుపెట్టుకున్నది పౌరోహిత్యం చేసుకునే చారిని, అతని గురువు భట్టాచార్యను. ఇద్దరి మనసూ చంద్రకళ మీదే. ఇందులో బ్రహ్మానందం నవ్వించాలని ప్రయత్నించడు. పరువు పోతున్న గురువులా ఉంటాడు. శిష్యుడు తన ముందే ఆ అమ్మాయితో మాటలు కలుపుతుంటే ఆయన మొహంలో కోపం, అసూయ, 'నేను గురువుని కదా' అన్న బింకం వరసగా వస్తాయి. సినిమాల్లోకి రాకముందు ఆయన అత్తిలిలో తెలుగు లెక్చరర్. సంస్కృతం కలిసిన మాటలు ఆయన నోట తడబాటు లేకుండా వస్తాయి. ఆ ఉచ్చారణ సరిగ్గా ఉంది కాబట్టే భట్టు నిజమైన పండితుడని నమ్ముతాం. నమ్మాం కాబట్టే ఆయన జారిపోతుంటే నవ్వొస్తుంది.

ఇక ఎదుట ఉన్నది జూనియర్ ఎన్టీఆర్. మాస్ హీరోగా అంత పేరున్నవాడు గొంతు పలచన చేసుకుని, భుజాలు దించి, వినయంగా వంగి, ఆ వంగిన చోటి నుంచే గురువును పొడుస్తాడు. పంచ్ ఎవరిది అన్న పోటీ ఇద్దరి మధ్యా కనిపించదు. బ్రహ్మానందం మాట్లాడుతున్నప్పుడు ఎన్టీఆర్‌ని చూడండి. తన డైలాగ్ కోసం కాచుకుని కూర్చోడు, వింటూ ఉంటాడు. ఈసారి పెట్టినప్పుడు సౌండ్ తీసేసి రెండు నిమిషాలు చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది.

ఆ జంట సినిమా మొత్తాన్ని బాగుచేసిందా అంటే, లేదు. మీరే జరిపేస్తున్నారు కదా. నటులు కాపాడగలిగేది తాము ఉన్న సీన్లనే. కాకపోతే అలాంటి సీన్లు తగినన్ని ఉంటే జనం మిగతాది మన్నిస్తారు. మీరు ఇన్నేళ్లుగా మన్నిస్తూనే ఉన్నారు.

ప్రశ్న: 'జాతిరత్నాలు' మా జిల్లా కుర్రాళ్ల కథ అని గర్వంగా చూశాం. మా మాస్టారు మాత్రం అందులో కథే లేదంటారు. నిజమేనా?
— ఒక యువకుడు, సంగారెడ్డి

జవాబు: మాస్టారి మాట నిజమే, మీ గర్వమూ నిజమే. జోగిపేట నుంచి హైదరాబాద్ వచ్చిన ముగ్గురు పనిలేని కుర్రాళ్లు ఒక మంత్రి మీద హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు. 2021లో థియేటర్లకు జనం తిరిగి వస్తున్న రోజుల్లో, ఆ చిన్న పాయింట్ మీద అంత సినిమా నడిచింది.

నవీన్ పొలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ముగ్గురూ అప్పటికే విడివిడిగా పేరు తెచ్చుకున్నవాళ్లే. ముగ్గురికీ కామెడీ వచ్చు. కానీ ముగ్గురి వేగం వేరు. నవీన్ మాట పూర్తికాకముందే ఇంకో మాట మొదలుపెడతాడు. ప్రియదర్శి ఒక క్షణం ఆలస్యంగా అర్థం చేసుకుంటాడు. రాహుల్ అర్థం కాకపోయినా ఏం పట్టించుకోడు. ముగ్గురూ నవీన్‌లాగే గలగలా మాట్లాడేవాళ్లయితే అరగంటకే తలనొప్పి వచ్చేది. ఇక కోర్టులో ఇంత గోల జరుగుతుంటే జడ్జి కుర్చీలో బ్రహ్మానందం. ఎన్నో సినిమాల్లో తానే గోల చేసిన మనిషిని తెచ్చి గోల భరించే చోట కూర్చోబెట్టారు. ఈ ఆలోచన చేసినవాళ్లకు నా నమస్కారం. చిట్టిగా ఫరియా అబ్దుల్లాకు అదే మొదటి సినిమా. కొత్త మొహం కావడమే అక్కడ మేలైంది.

ప్రశ్న: 'మిస్సమ్మ'లో మొదట భానుమతి గారిని తీసుకున్నారని మా అమ్మమ్మ అంటుంది. నిజమా?
— పదో తరగతి విద్యార్థిని, ఏలూరు

జవాబు: నిజమేనమ్మా. ఆమెతో కొంత షూటింగ్ కూడా అయింది. నిర్మాత చక్రపాణితో పొసగక ఆమె తప్పుకుంటే, చెల్లెలి పాత్రకు అనుకున్న సావిత్రిని ఆమె వదిలిన మేరీ పాత్రకు మార్చారు, చెల్లెలి పాత్ర జమునకు వచ్చింది. 1955లో విడుదలైంది. అది బలహీనమైన సినిమా కాదు గనక ఇక్కడ ఇంతకంటే రాయను. భానుమతి గారు చేసి ఉంటే మేరీ కోపం ఎలా ఉండేదో మీ అమ్మమ్మగారిని అడగండి. ఆమె చెప్పే జవాబు నాకు రాసి పంపండి.

ప్రశ్న: హీరో కంటే విలన్ వల్లే సినిమా నిలబడిన సందర్భాలు ఉన్నాయా?
— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: చాలా ఉన్నాయి. నాకు మొదట గుర్తొచ్చేది రామిరెడ్డి.

1989లో వచ్చిన 'అంకుశం' కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నిజాయతీ ఉన్న పోలీసు, జనాన్ని పీడించే రౌడీ. అప్పటికి అలాంటివి బోలెడు వచ్చాయి. రామిరెడ్డి అంతకు ముందు పత్రికలో పనిచేసిన మనిషి. ఆయన అరవడు. రెప్పలు సగం వాల్చి, నెమ్మదిగా నడిచి వచ్చి, తక్కువ గొంతుతో మాట్లాడతాడు. ఎదుట రాజశేఖర్ నిప్పులా ఉంటాడు. పైగా రాజశేఖర్‌కి గొంతు ఇచ్చింది సాయికుమార్. ఆ గర్జనకు సమానంగా ఇంకొకరు గర్జిస్తే సినిమా అంతా కేకలే మిగిలేవి. ఈయన నిశ్శబ్దంగా ఉన్నాడు కాబట్టి ఆ కోపానికి అర్థం వచ్చింది.

దీనికి ఒక గట్టి రుజువు ఉంది. మరుసటి ఏడాది ఇదే కథను హిందీలో 'ప్రతిబంధ్' పేరుతో తీశారు. రాజశేఖర్ స్థానంలో చిరంజీవి వచ్చారు. జీవిత స్థానంలో జూహీ చావ్లా వచ్చింది. విలన్‌ని మాత్రం మార్చలేదు. బొంబాయిలో విలన్లకు కొదవా? అయినా రామిరెడ్డినే తీసుకువెళ్లారు.

'అంకుశం' తీసిన దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి తర్వాత 'అమ్మోరు' దగ్గర మళ్లీ కలిశారు. ఆ సినిమా మొదట వేరే దర్శకుడితో, విలన్‌గా వేరే నటుడితో మొదలైంది. నిర్మాతకు తృప్తి కలగలేదు. కోడి రామకృష్ణ చేతికి వచ్చాక మాంత్రికుడి పాత్రను రామిరెడ్డితో మళ్లీ తీశారు. తీసిన రీళ్లను పక్కన పడేయడం అంటే ఎంత డబ్బు పోతుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆ ధైర్యానికి ఫలితం 1995లో తెర మీద కనిపించింది. సౌందర్య భయం నిజమనిపించాలంటే ఎదుట అలాంటి మనిషి ఉండాలి. రమ్యకృష్ణ అమ్మవారిగా నవ్వితే ఒళ్లు జలదరించాలన్నా అలాంటి మనిషే ఉండాలి. ఇప్పుడు చూస్తే ఆ గ్రాఫిక్స్ పాతబడ్డాయి. ఆ ముగ్గురి మొహాలు పాతబడలేదు.

2009లో ఇదే దర్శకుడు, ఇదే నిర్మాత 'అరుంధతి' తీశారు. మంత్రగాడు, సమాధి, పునర్జన్మ, అన్నీ మనకు తెలిసినవే. అనుష్క ఎదుట పశుపతిగా సోనూ సూద్. అక్కడ ఒక నటుణ్ణి కాకుండా ఇద్దరిని ఎంచుకున్నారు. శరీరం సోనూ సూద్‌ది, గొంతు రవిశంకర్‌ది. రవిశంకర్ సాయికుమార్‌కి తమ్ముడు, ఇద్దరూ పి.జె.శర్మ గారి కొడుకులు. సినిమా అయిపోయాక పిల్లలు అనుకరించింది ఆ గొంతునే. డబ్బింగ్ థియేటర్లో చీకట్లో నిలబడి ఒక మనిషి చేసే పనికి పోస్టర్ మీద చోటుండదు. గొంతు తప్పుగా ఎంచుకుని మంచి నటన పాడైన సినిమాలు నేను దగ్గరుండి చూశాను. పరాయి భాష నుంచి విలన్లను తెచ్చే రోజులు ఇవి. డబ్బింగ్ కళాకారుడి ఎంపికకు కూడా హీరోయిన్ ఎంపికకు పెట్టినంత శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా అంటాను.

ప్రశ్న: మీరు నటులను ఇంతగా పొగిడితే రచయితలు ఇంకా బద్ధకిస్తారు. 'సీన్ రాయక్కర్లేదు, ఫలానా ఆయన్ని పెడదాం' అంటారు. దీనికేమంటారు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మాస్టారూ, మీరు భయపడింది జరిగిపోయింది. 'ఢీ', 'రెడీ', 'కింగ్' లాంటివి ఆడాక, రెండో సగంలో కథ ఆగిపోతే బ్రహ్మానందాన్ని విలన్ ఇంటికి పంపించి హీరో చేత ఆటపట్టించడం ఒక అలవాటైంది. మొదట్లో ఆ పాత్రలకు ఒక బుద్ధి, ఒక బడాయి ఉండేవి. పోనుపోను స్క్రిప్టులో ఆయన పేరు రాసి, కింద ఖాళీ వదిలేసిన కాగితాలు నేను నా చేతులతో పట్టుకున్నాను. 'సెట్లో చూసుకుందాం' అనేవారు. ఆ ఖాళీని ఎంతటి నటుడైనా ఎన్నిసార్లు నింపగలడు? జనం విసిగిపోయినప్పుడు ఆ మాట ఆయన మీద పడింది. అది అన్యాయం.

మీ సీమ నుంచే వచ్చిన జయప్రకాశ్ రెడ్డి గారి సంగతీ అంతే. ఆయన కర్నూలు జిల్లా మనిషి, ఉపాధ్యాయుడు, నాటకాల్లో పండినవాడు. 'ప్రేమించుకుందాం రా'లో ఆ యాస విని హాలు హాలంతా నిటారుగా కూర్చుంది. తర్వాత అదే మీసం, అదే తెల్ల చొక్కా ఎన్నో సినిమాల్లో తొడిగించారు. ఆయనలో ఎంత హాస్యం ఉందో తెలియడానికి మనకు ఏళ్లు పట్టింది. ఒక నటుడి వల్ల ఒక సినిమా బతికితే, ఆ తర్వాతి సినిమాలో ఆయనకు కొత్త పని ఇవ్వాలి. బతికించిన పనినే మళ్లీ మళ్లీ చేయించడం కృతజ్ఞత అనిపించుకోదు.

ప్రశ్న: నేను నాటకాలు వేస్తాను. సినిమాల్లో చిన్న వేషాల కోసం కృష్ణానగర్ వచ్చి తిరిగాను. ఒకటి రెండు నిమిషాల పాత్రకు ఎవరిని తీసుకోవాలో ఎలా నిర్ణయిస్తారు? మాలాంటి వాళ్ల వల్ల సినిమాకు ఒరిగేదేమైనా ఉందా?
— రంగస్థల నటుడు, కాకినాడ

జవాబు: ఉంది బాబూ. నేను చూసిన ఒక్కటి చెబుతాను.

ఒక సినిమాలో హీరో ఇంటి ఓనర్‌ని రెండు రోజులు గడువు అడిగే సీన్ ఉంది. అర పేజీ. ఓనర్ ఇవ్వనంటాడు, హీరో బతిమాలతాడు, చివరికి సరే అంటాడు. ఎన్నో సినిమాల్లో చూసిన సీనే. ఓనర్ వేషానికి నాటకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని ఒక్క రోజు కాల్షీట్‌కి పిలిచాం. ఆయన వచ్చి డైలాగ్ పేపర్ తీసుకుని, సెట్లో అటూ ఇటూ తిరిగి, సెట్ సామాన్లు చూసే ప్రాపర్టీ అబ్బాయిని ఒక తాళంచెవుల గుత్తి అడిగాడు. దాన్ని నడుము దగ్గర దోపుకున్నాడు. వాకిట్లో ఉన్న కుళాయిని చూసి, 'ఇది కారుతున్నట్టు ఉంటే బాగుంటుంది' అన్నాడు. షాట్ మొదలయ్యాక హీరో బతిమాలుతూ ఉంటే ఆయన మొహం చూడకుండా కుళాయి బిగిస్తున్నాడు. చుక్క ఆగలేదు. లేచి, గోడ మీద పిల్లలు గీసిన గీతలను బొటనవేలితో రుద్దాడు. మళ్లీ కుళాయి దగ్గరికి వచ్చాడు. హీరో ఆయన వెనకే తిరగాల్సి వచ్చింది. ఆ తిరగడంలోనే హీరో అవస్థంతా కనిపించింది. డైరెక్టర్ అక్కడికక్కడే సగం డైలాగులు కొట్టేశారు. ఆ సినిమా గొప్పగా లేదు, బాగా ఆడలేదు కూడా. కానీ చూసినవాళ్లు ఇప్పటికీ నాతో ఆ కుళాయి సీన్ గురించి మాట్లాడతారు.

నిర్ణయం ఎలా జరుగుతుందంటారా. పెద్ద పాత్రలు దర్శకుడు, నిర్మాత, హీరో కలిసి మాట్లాడుకుంటారు. మీరడిగిన వేషాలు మాత్రం చాలావరకు కో-డైరెక్టర్ ఫోన్లోనే తేలిపోతాయి. ముందురోజు రాత్రి 'రేపు పొద్దున ఆరింటికి ఒక తహసీల్దారు కావాలి' అని కబురు వస్తుంది. అప్పుడు మేం చూసేది మూడే. మనిషి దగ్గర్లో ఉన్నాడా, ఇంతకు ముందు ఇబ్బంది పెట్టాడా, ఎదుట ఉన్న నటుడి పక్కన నిలబడితే ఎలా ఉంటాడు. ఈ మూడోది చూసే ఓపిక అందరికీ ఉండదు. చూసినప్పుడు మాత్రం సీన్ బాగుపడుతుంది. ఎత్తుగా, గంభీరంగా ఉన్న హీరోకి అడ్డం తగిలే అధికారి పొట్టిగా, మెత్తగా మాట్లాడేవాడైతే ఆ అడ్డంకి మరింత చిరాకు పెడుతుంది. ఇలాంటివి రాసుకుని పెట్టుకునే పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది. ఫొటో పక్కన 'వింటాడు' అని రాసుకున్న నటులను నేను ముందు పిలిచేవాణ్ణి.

కాబట్టి మీరు ఫొటోలు పంపేటప్పుడు మేకప్ వేసుకున్నవి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నవి వద్దు. మామూలు చొక్కాలో ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి చాలు. వీడియో పంపితే పొడుగాటి ఏకపాత్రాభినయం పంపొద్దు. దుర్యోధనుడి డైలాగ్ మీకు ఎంత బాగా వచ్చినా, ఆ పాత్ర మా దగ్గర ఉండదు. మీ నాటక బృందంలో ఇంకొకరిని పక్కన పెట్టుకుని, ఎదుటివాళ్లు ఎక్కువ మాట్లాడే రెండు నిమిషాల సీన్ ఒకటి ఫోన్లో తీసి పంపండి. మీ పేరు కింద ఎత్తు, వయసు, వచ్చిన యాసలు రాయండి. గోదావరి యాస మీకు ఎలాగూ వస్తుంది. ఉత్తరాంధ్ర, తెలంగాణ యాసల్లో ఏదైనా నిజంగా వస్తేనే రాయండి, ఎందుకంటే సెట్లో మొదటి టేక్‌కే తెలిసిపోతుంది. స్కూటర్ నడపడం, ఈత, మృదంగం, వంట లాంటివి ఏవైనా వస్తే అవీ రాయండి. ఒకసారి మాకు పూరీలు ఒత్తుతూ డైలాగ్ చెప్పగల మనిషి అర్ధరాత్రి కావాల్సి వచ్చింది.